‘కలంపేరు’, ‘మారుపేరు’: కథతో పంపే హామీపత్రంలో ఏ మాట వాడాలి?

తెల్లకాగితం
కథతో జతచేసే హామీపత్రంలో ఈ వాక్యం చూడండి: “నా మారుపేరు అయిన ‘నీరెండ’ మీద ఈ కథను ప్రచురించగలరు.” ఇందులో ‘మారుపేరు’ సరిపోతుందా, ‘కలం పేరు’ అనాలా? అనాలంటే కలిపి రాయాలా, విడదీసి రాయాలా? ‘పేరు మీద’ అనే ప్రయోగం ఎందుకో చెవికి ఇంపుగా లేదు. ఇంకొకటి, కింద సంతకం ఏ పేరుతో చెయ్యాలి?

తాటాకు
‘మారుపేరు’ తప్పు కాదు గానీ చాలా వెడల్పయిన మాట. మారువేషం, మారుమాట లాగే ఒకదానికి బదులుగా వచ్చేది ఏదైనా ‘మారు’ అవుతుంది. పోలీసు రికార్డులో ‘అలియాస్’ తర్వాత ఉండేదీ మారుపేరే. పైగా ‘ఓర్పుకు మారుపేరు’ అన్నప్పుడు అర్థం పూర్తిగా వేరు. హామీపత్రంలో సందేహానికి తావుండకూడదు కాబట్టి ‘కలంపేరు’ అనడమే మేలు.

కలిపి రాయమనడానికి నాకు తోచిన కారణం ఇది. ఊరి పేరు, పుస్తకం పేరు, మనిషి పేరు అన్నప్పుడు ముందున్న మాట దేన్ని చెబుతుందో దానికే ఆ పేరు. షష్ఠీ తత్పురుషం అన్నమాట. ‘కలం పేరు’ను అలా విడదీస్తే కలానికి పెట్టిన పేరు అవుతుంది. మనం చెప్పదలచింది అది కాదు కదా. దీనికి అసలైన జోడీ ‘ముద్దుపేరు’. ముద్దుకి ఉన్న పేరు కాదు, ముద్దుగా పిలిచే పేరు. అలాగే రాసేటప్పుడు మాత్రమే వాడే పేరు కలంపేరు. ముద్దుపేరునీ మారుపేరునీ కలిపి రాసే చేత్తో దీన్నీ కలిపి రాయడమే పద్ధతిగా ఉంటుంది. విడదీసి రాసినవీ అచ్చులో కనిపిస్తాయి, వాటిని తప్పని కొట్టేయను.

వర్ణమాల
సరసపుమాటలా ‘కలపుపేరు’ అనవచ్చా అని ఎవరైనా అడగకముందే: కుదరదు. ‘ము’ స్థానంలో పు, ంపు వచ్చేది కర్మధారయంలోనే. సరసము మాటకి విశేషణం, కలము పేరుకి విశేషణం కాదు.

పక్క భాషలు ఇదే భావాన్ని ఎలా పట్టుకున్నాయో చూస్తే ముచ్చటేస్తుంది. తమిళంలో ‘పునైపెయర్’, అంటే అల్లుకున్న పేరు. కన్నడంలో ‘కావ్యనామ’. మలయాళంలో ‘తూలికా నామం’. ఉర్దూ కవులది ‘తఖల్లుస్’, అది గజల్‌లో రెండు పాదాల చివరి షేర్‌లో పద్యం లోపలికే వచ్చి కూర్చుంటుంది.

తెల్లకాగితం
వర్ణమాల గారూ, అలాగైతే మన క్షేత్రయ్య పదాల్లాంటి పాటల్లో వచ్చే ‘ముద్ర’, శతకాల్లోని మకుటం కూడా కలంపేర్లేనా?

వర్ణమాల
కావండీ. క్షేత్రయ్య పదంలో ‘మువ్వగోపాల’ పాటలో భాగం. దాన్ని తీసేస్తే పాట కుంటుతుంది. ‘విశ్వదాభిరామ వినుర వేమ’ తీసేస్తే ఆటవెలదికి నాలుగో పాదమే ఉండదు. అందుకే ఎవరు రాసుకున్నా, ఎవరు అచ్చువేసినా అవి చెక్కుచెదరవు. కలంపేరు రచనకి బయట, కథ పేరు కింద ఉండే ఒక వరుస. కథలో ఒక్క అక్షరం చెడకుండా అది ఊడిపోగలదు, ఇంకోటి వచ్చి చేరగలదు. దాన్ని కాపాడేది ఛందస్సు కాదు, మీరు రాసిచ్చే కాగితం. అందుకే మీ ప్రశ్న చిన్నది కాదు.

మార్జిన్
ఆ మాట పట్టుకునే సంతకం సంగతి చెబుతాను. కథ మొదటి పేజీలో రెండు పేర్లకి రెండు వేరు చోట్లు. పైన ఎడమ మూలన అసలు పేరు, చిరునామా, ఫోను, మెయిలు ఉండాలి. ఇది సంపాదకులతో ఉత్తరప్రత్యుత్తరాలకి. పేజీ మధ్యలో కథ పేరు, దాని కింది వరుసలో కలంపేరు. ఇది అచ్చుకి. తర్వాతి పేజీల తలమీద కథ పేరు, పేజీ అంకె చాలు.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఈ రెండో చోటే. కథ పేరు కింద అలవాటుగా అసలు పేరు రాసేసి, హామీపత్రంలో మాత్రం కలంపేరు చెబుతారు. హామీపత్రం సంపాదకుల దగ్గరే ఆగిపోతుంది. డీటీపీకి, అంటే అచ్చుకి పేజీలు కూర్చేవారికి, వెళ్ళేది కథ ఫైలు ఒక్కటే. అక్కడ కూర్చున్నవారు కథ పేరు కింద ఏముంటే అదే విషయసూచికలోకీ ఎత్తుతారు. అచ్చయ్యాక సవరణ వేయించుకోవచ్చు గానీ, దాగాల్సిన పేరు అప్పటికే బయటపడింది.

సంతకం అసలు పేరుతోనే. ‘ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు’ అని మాట ఇస్తున్నది మనిషి. ఒప్పందపత్రమైనా అంతే. “‘నీరెండ’ అనే కలంపేరుతో రాసే ఫలానావారు” అని మొదటి పేరాలోనే రెండు పేర్లనీ కలిపి రాయించుకోండి. రేపు కథ హక్కుల మీద ప్రశ్న వస్తే ఆ వాక్యమే మీకు సాక్ష్యం. పారితోషికం గురించి కూడా అక్కడే చెప్పాలి. చెక్కు కలంపేరు మీద వస్తే ఖాతాలో పేరు కలవక బ్యాంకు తిప్పిపంపుతుంది.

తాటాకు
‘పేరు మీద’ ఎందుకు ఎబ్బెట్టుగా ఉందో మార్జిన్ గారి చివరి వాక్యంలోనే దొరికింది. ఖాతా, ఇల్లు, పొలం పేరు ‘మీద’ ఉంటాయి. అది సొంతదారుని చెప్పే మాట. కథ కలంపేరు‘తో’ వస్తుంది, లేదా కలంపేరు‘న’ వస్తుంది. ఇంకో నిజమైన మనిషి పేరు మీద వేయిస్తే దానికి మనకి వేరే మాటే ఉంది, బినామీ. అది కలంపేరు కాదు. ‘సొంత రచన’ అన్న హామీయే అక్కడ అబద్ధమైపోతుంది.

తెల్లకాగితం
పేరే లేకుండా వేయమంటే?

మార్జిన్
అది ‘అజ్ఞాత రచన’. రెండూ వేరయినా కాపీరైట్ లెక్కలో పక్కపక్కనే ఉంటాయి. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం, రచయిత ఎవరో తేలని కలంపేరు రచనకి కనీస రక్షణ అది చట్టబద్ధంగా బయటికొచ్చినప్పటి నుంచి 50 ఏళ్ళు. ఆ పేరు ఎవరిదో అనుమానం లేకుండా తెలిసి ఉన్నా, ఆ గడువులోపు రచయిత తనెవరో చెప్పినా మామూలు లెక్కే, అంటే రచయిత జీవితకాలం, ఆ పైన 50. ఇవి కనీసాలు. చాలా దేశాల చట్టాల్లో గడువు ఇంతకన్నా ఎక్కువ. రచయిత ముందుకి రానంతకాలం ఆయన తరఫున హక్కులు చూసే అధికారం, పుస్తకం మీద పేరున్న ప్రచురణకర్తది. కాబట్టి ప్రచురణకర్తకి మీరెవరో కాగితం మీద తెలిసి ఉండడం మీ హక్కుకే అవసరం.

కలంపేరు కవచం అనుకోకండి. హిందీ, ఉర్దూ కథకుడు ధనపత్‌రాయ్ మొదట ‘నవాబ్‌రాయ్’ పేరుతో రాసేవారు. 1908లో వచ్చిన ఆయన కథల సంపుటి మీద బ్రిటిష్ ప్రభుత్వం కన్నేసినప్పుడు ఆ పేరు వెనక ఎవరున్నారో కనిపెట్టడం వాళ్ళకి కష్టం కాలేదు. ఆ తర్వాత వచ్చిన పేరే ‘ప్రేమ్‌చంద్’.

పోటీలకి పంపేటప్పుడు పద్ధతి మారుతుంది. పేరు కనబడకూడదని నియమం ఉంటే కథ ప్రతి మీద కలంపేరు కూడా ఉండకూడదు. అసలు పేరు, కలంపేరు రెండూ వేరే కాగితం మీదే. ఫైలు పేరులోనూ వద్దు. వర్డ్ ఫైలైతే లోపల కూడా పేరు దాగి ఉంటుంది. ‘ఫైల్’లో ‘ఇన్ఫో’కి వెళ్ళి, ‘చెక్ ఫర్ ఇష్యూస్’ కింద ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నడిపితే రచయిత పేరు గానీ, పక్కన మిగిలిన వ్యాఖ్యలు గానీ ఉన్నాయేమో చూపిస్తుంది, తీసేయమంటే తీసేస్తుంది. ముందు ఫైలుకి నకలు తీసి, ఆ నకలు మీదే ఈ పని చెయ్యండి, తీసినవి మళ్ళీ రావు. మెయిలు పంపేటప్పుడు ‘ఎవరి నుంచి’ అన్నచోట కనిపించే పేరు కూడా చూసుకోవాలి.

వర్ణమాల
పేరు ఎంచుకునేటప్పుడు చూడాల్సిన తెలుగు సంగతులు రెండు. ఒకటి విభక్తి. ‘ఆత్రేయ’, ‘ఆరుద్ర’ లాంటి అచ్చుతో ముగిసే పేర్లకి కి, తో, లో ఏది చేర్చినా పేరు చెదరదు. సున్నతో ముగిస్తే ఒకరు ‘చలానికి’ అంటారు, ఇంకొకరు ‘చలంకి’ అంటారు. పొల్లుతో ముగిసే పేరుతో టైపులో తంటా. ‘నిఖిలేశ్వర్’ తర్వాత మామూలుగా ‘కి’ కొడితే ర కింద క వత్తు చేరి ‘నిఖిలేశ్వర్కి’ అవుతుంది. మధ్యలో కంటికి కనబడని విడదీత అక్షరం పెడితేనే ‘నిఖిలేశ్వర్‌కి’ వస్తుంది. అది ఒకచోట పెట్టి ఇంకోచోట మానేస్తే పేరు రెండు రూపాల్లో తిరుగుతుంది. కొన్ని వెతుకులాటల్లో ఒక రూపం దొరికి ఇంకొకటి దొరకదు.

రెండోది క్రియ. పేరు చూసి ఆడో మగో తేల్చుకోలేని సమీక్షకుడు ‘రాశాడు’ అనాలో ‘రాసింది’ అనాలో తెలియక ఆగుతాడు. ‘రాశారు’ అన్న మన గౌరవరూపం ఇక్కడ ఆదుకుంటుంది. ‘బీనాదేవి’ భార్యాభర్తలిద్దరూ కలిసి వాడిన పేరు. ‘బీనాదేవి రాశారు’ అంటే ఆడామగా తేడా, ఒకరా ఇద్దరా అన్న లెక్కా రెండూ ఒక్క ‘రు’లో ఇమిడిపోయాయి. ఇంత సుఖం అన్ని భాషలకీ లేదు.

తెల్లకాగితం
అందరికీ ధన్యవాదాలు. వాక్యం ఇలా మార్చాను: “ఈ కథను ‘నీరెండ’ అనే నా కలంపేరుతో ప్రచురించగలరు. నా అసలు పేరును రహస్యంగా ఉంచగలరు.”

తాటాకు
మొదటి వాక్యంలో ‘ప్రచురించండి’ చాలు. ‘ప్రచురించగలరు’ మర్యాద కోసం వాడుకలో స్థిరపడ్డదే అయినా, పక్కనే ‘ఉంచగలరు’ వచ్చేసరికి మీకు ఆ సామర్థ్యం ఉందని పొగిడినట్టుంది.

మార్జిన్
రెండో వాక్యం అలా వదిలేస్తే ఎక్కడ రహస్యమో తెలియదు. పేరు వేయకుండా ఫోటో వేస్తారు, లేదా పరిచయంలో ఉద్యోగం, ఊరు చెప్పేస్తారు. “నా అసలు పేరు, ఫోటో, ఊరు, వృత్తి పత్రికలో గానీ వెబ్‌సైటులో గానీ ప్రకటించవద్దు. ఉత్తరాలు, పారితోషికం అసలు పేరుతోనే పంపండి” అని రాయండి. రెండు పంక్తుల పరిచయం మీరే కలంపేరుతో రాసి పంపితే వాళ్ళు వేరే వెతుక్కోరు.

వర్ణమాల
‘నీరెండ’కి విభక్తి ఇబ్బంది లేదు, అన్నీ చక్కగా అతుకుతాయి. కాకపోతే మామూలు నామవాచకం. ‘నీరెండ కథలో పల్చగా పరుచుకుంది’ అని ఎవరైనా సమీక్షలో రాస్తే రచయిత ఎక్కడ, ఎండ ఎక్కడ? పక్కన ఇంకో మాట చేర్చే వీలుంటే మొదటి కథ పంపకముందే చేర్చండి, తర్వాత మార్చితే పాత కథలు పాత పేరుతోనే ఉండిపోతాయి.