అప్‌డేట్: బోరు నీళ్ళ ట్యాంకులోకి గప్పీలు వచ్చాయి

హైదరాబాద్ బోరు నీళ్ళతో 60 లీటర్ల ట్యాంకులో నియాన్ టెట్రాలు (మెరిసే చారలుండే చిన్న చేపలు) పెంచవచ్చా అని అడిగాను కదా. ముందు నీళ్ళు చూసుకోమన్నారు మీరంతా. టెస్ట్ కిట్‌తో చూస్తే పీహెచ్ 8 దగ్గర ఉంది, కఠినత్వం (నీళ్ళలో కరిగిన ఖనిజాలు) కూడా బాగా ఎక్కువ. అమెజాన్ ప్రాంతపు మెత్తటి, కాస్త ఆమ్లగుణమున్న నీళ్ళకు అలవాటైన చేపను ఇందులో వేయడం అన్యాయం. అందుకే ఇలాంటి నీళ్ళలో హాయిగా బతికే గప్పీలు (చిన్న రంగురంగుల చేపలు) తెచ్చాను.

వాటిని తెచ్చేముందు, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ, అది కుళ్ళితే పుట్టే, చేపలకు విషమైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగేదాకా ఆగాను. స్నేహితుడి పాత ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క చాలా ఆదుకుంది, ఆ విషాలను మార్చేసే మంచి బాక్టీరియా దాంతోనే వచ్చింది.

ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలన్న సలహా పాటించాను. ఆడవాటికి వేధింపు తగ్గింది. నిన్న ఒకదాని పొట్ట వెనక మచ్చ బాగా నల్లబడి, పొట్ట చదరంగా ఉబ్బింది, ఈనబోతోందని గుర్తు. ఈ పొద్దున జావా మాస్ అనే నీటి నాచులో పిల్లలు! ఒళ్ళంతా పారదర్శకం, కళ్ళు మాత్రమే నల్లగా కనిపిస్తున్నాయి. పెద్దవి తినేస్తాయని ఆ నాచును కదపడం లేదు, మేతను మెత్తగా పొడిచేసి వేస్తున్నాను. చేపపిల్లల మేతకు ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యల్లాంటివి) గుడ్లు ఇంట్లో పొదిగించినవాళ్ళుంటే, ఉప్పు ఎంత వేశారో చెప్పండి.