హెచ్‌1బీ మీద ఉన్నాను, తక్కువ ఖర్చులో .22 రైఫిల్ ఏది కొనమంటారు?

ప్రశ్న, ఒహాయో నుంచి

అందరికీ నమస్కారం. నేను వచ్చి ఎనిమిది నెలలైంది. డిగ్రీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు .22 రైఫిల్‌తో బోర్లా పడుకుని ఐదేసి రౌండ్లు కాల్చేవాళ్లం. ఒకసారి నా గ్రూపింగ్ బాగుందని, అంటే తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయని, హవల్దార్ గారు ఆ టార్గెట్ కాగితం ఊడదీసి నా చేతికిచ్చారు, అది ఇప్పటికీ మా అమ్మ బీరువాలో ఉంది. ఇక్కడ ఆఫీసులో ఒకాయన ప్రతి శనివారం షూటింగ్ రేంజ్‌కి వెళ్తాడు, నన్నూ రమ్మంటున్నాడు. వేట మీద ఆసక్తి లేదు, కాగితం మీద గురి చూసుకోవడమే. చవకలో మంచి .22 ఏది, తూటాలు ఏ రకం, నెలకి ఎంతవుతుంది, కొంచెం చెప్పండి.

జవాబు, టెక్సాస్ నుంచి

తమ్ముడూ, రైఫిల్ సంగతి తర్వాత, ముందు నీ వీసా సంగతి చూడు. 1998లో చట్టం మార్చినప్పటి నుంచి నాన్ ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌1బీ, ఎల్‌1, ఎఫ్‌1, హెచ్‌4 అన్నీ అందులోకే వస్తాయి. కొంటేనే తప్పు అనుకుంటారు చాలామంది. అది కాదు, చేతిలోకి తీసుకున్నా పొసెషనే, అంటే దగ్గర ఉంచుకున్నట్టే, రేంజ్‌లో అద్దెకు తీసుకుని అరగంట కాల్చినా పొసెషనే. 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు చదువు. స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడు, యూనివర్సిటీ తీసేసింది, స్టేటస్ పోయింది, ఆ తర్వాత రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. దాని మీద ఫెడరల్ కేసు. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వమే నిరూపించాలని కోర్టు చెప్పింది, అంతే గానీ రేంజ్‌లో కాల్చడం పర్లేదని ఎక్కడా అనలేదు. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనే వెనక్కి పంపేస్తారు, హెచ్‌1బీ ఎంత? మీ ఆఫీసాయన పుట్టింది ఇక్కడే కాబట్టి ఆయనకి ఈ రూల్ తెలియకపోవచ్చు. ఆయన మంచి మనసుతోనే పిలుస్తున్నాడు, నువ్వు మాత్రం వెళ్లకు.

జవాబు, పెన్సిల్వేనియా నుంచి

టెక్సాస్ అన్న చెప్పింది నిజమే గానీ సగమే చెప్పారు. అదే చట్టంలో మినహాయింపు కూడా రాసి ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రం ఇచ్చినదైనా సరే, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ నీ దగ్గర ఉంటే ఆ నిషేధం నీకు వర్తించదు. వేటకి వెళ్లి తీరాలని ఎక్కడా లేదు. నేను హెచ్‌1బీ మీద ఉన్న ఆరేళ్లూ అలాగే చేశాను. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చేసి లైసెన్స్ తీసుకున్నాను. షాపులో తుపాకీ కొనుగోలు ఫామ్ 4473 నింపేటప్పుడు నాన్ ఇమిగ్రెంట్ అవునా అన్న చోట అవును అని పెట్టి, మినహాయింపు ఉందా అన్న చోటా అవును అని పెట్టి, లైసెన్స్ కాపీ, ఐ94 (దేశంలోకి వచ్చిన రికార్డు) నంబరు ఇచ్చాను. మొదటి షాపువాడు నాకు తెలియదు పొమ్మన్నాడు, రెండోచోట ఒక పెద్దాయన ఓపికగా చదివి చేసిపెట్టాడు. ఫామ్‌లో ఒక్క అబద్ధం కూడా రాయకు, అది వేరే నేరం. ఇక్కడ పుట్టిన ఫ్రెండ్‌తో నీ డబ్బుతో కొనిపించి ఇంట్లో పెట్టుకుందాం అనే ఆలోచన అసలే వద్దు. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు, ఇద్దరూ లోపలికి పోతారు.

జవాబు, నార్త్ కరోలినా నుంచి

అతను అడిగింది రైఫిల్ గురించి, ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. లైసెన్స్ వచ్చాకే అనుకుని చదువు.

.22 అంటే గొట్టం వ్యాసం, అంగుళాల్లో. ఆ పేరుతో నాలుగైదు రకాల తూటాలున్నాయి. నీకు కావలసింది .22 ఎల్‌ఆర్, అంటే లాంగ్ రైఫిల్. 1887 నుంచి ఉన్న తూటా, ఎన్‌సీసీలో నువ్వు కాల్చింది అదే. .22 మాగ్నమ్ వేరు, .17 హెచ్‌ఎంఆర్ వేరు, రెండూ బాగా ఖరీదు. మాగ్నమ్ రైఫిల్‌లో ఎల్‌ఆర్ తూటా వదులుగా దూరుతుంది, కాలిస్తే కేస్ (తూటా ఇత్తడి తొడుగు) చిట్లి మొహం మీదకి రావచ్చు, ఆ ప్రయోగం చెయ్యకు. .223 అయితే పూర్తిగా వేరే జాతి. బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో అదే రాసి ఉన్న డబ్బా కొను.

బోల్ట్ యాక్షన్, అంటే ఒక్కో తూటానీ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించేది, తీసుకో. సావేజ్ మార్క్ 2, రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ లాంటివి కొత్తవే 300, 400 డాలర్ల దగ్గర దొరుకుతాయి. ప్రతిసారీ బోల్ట్ లాగి, ఖాళీ కేస్ బయటపడి, ఇంకోటి లోపలికి పోయేలోపు ఊపిరి సర్దుకుంటుంది, గురి నేర్చుకునేవాడికి ఆ ఆలస్యమే మంచిది. డబ్బులన్నీ రైఫిల్ మీద పెట్టకు. శనివారానికి 100 రౌండ్లు వేసుకున్నా ఏడాదికి 5,000 దాటుతుంది, ఒక్కోటి 10 సెంట్లు అనుకున్నా 500 డాలర్లు, అంటే రైఫిల్ కంటే తూటాలే ఎక్కువ.

తూటాల్లో స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం), 40 గ్రెయిన్ బరువు ఉన్నదానితో మొదలుపెట్టు. అది సెకనుకి సుమారు 1,070 అడుగుల వేగంతో పోతుంది, శబ్దవేగం 1,125 దగ్గర. హై వెలాసిటీ తూటా శబ్దవేగం దాటి బయల్దేరి, దారిలో మళ్లీ ఆ గీత కిందకి దిగేటప్పుడు కొంచెం ఊగుతుంది, 100 గజాల దగ్గర ఆ తేడా కాగితం మీద కనబడుతుంది. ఇంకోటి, ప్రతి బ్యారెల్‌కీ ఒక రుచి ఉంటుంది. నాలుగైదు కంపెనీలవి 50 రౌండ్ల డబ్బా ఒక్కోటి తెచ్చుకుని, రైఫిల్‌ని సంచి మీద ఆనించి, 50 గజాల్లో ఐదేసి రౌండ్ల గ్రూపులు వేసి చూడు. నా రైఫిల్‌కి ఖరీదైన మ్యాచ్ (పోటీల) తూటా అస్సలు పడలేదు, అందులో పావు వంతు ధర ఉన్నదే అంగుళం లోపు గ్రూపు వేసింది. ఏది పడిందో అదే లాట్ (తయారీ విడత) నంబరు చూసి ఎక్కువ కొనిపెట్టుకో.

జవాబు, న్యూజెర్సీ నుంచి

ఇవన్నీ సరే, తూటాలు ఎక్కడ ఉంటాయో లెక్క పెట్టుకోవడం గురించి ఎవరూ రాయలేదు. నా సంగతి చెప్తాను, దయచేసి చివరిదాకా చదవండి.

ఏడేళ్ల కింద మా తమ్ముడి పెళ్లికి ఇండియా వెళ్లాను. కేబిన్‌లోకి తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్ నేను రేంజ్‌కి వాడేదే. దులిపి, జేబులన్నీ చూసి, బట్టలు సర్దాను. ఇక్కడ సెక్యూరిటీలో ఎవరూ పట్టుకోలేదు. పెళ్లయింది, తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే దగ్గర బ్యాగు ఆపారు. మూడుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పారు. సెక్యూరిటీ అమ్మాయి బ్యాగు లోపలి లైనింగ్ కుట్టు ఊడిన చోట రెండు వేళ్లు పెట్టి తీస్తే ఒక్కటంటే ఒక్క .22 తూటా. అంగుళం పొడవు ఉంటుంది, అంతే. దాన్ని ఆమె అరచేతిలో పెట్టుకుని నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది.

అక్కడ లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా ఆయుధాల చట్టం, 1959 కింద కేసే. పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఆ తూటాని గుడ్డలో చుట్టి, లక్క కరిగించి సీలు వేసి, దాని మీద నా సంతకం పెట్టించారు. ఎఫ్‌ఐఆర్ అయింది, ఫ్లైట్ పోయింది, నా భార్య ఇద్దరు పిల్లలతో ఎయిర్‌పోర్టు కుర్చీల్లో తెల్లారేదాకా కూర్చుంది. పెళ్లికి వచ్చిన బంధువులందరికీ మర్నాటికల్లా తెలిసిపోయింది, మా నాన్న వారం రోజులు బయటికి రాలేదు. బెయిల్ వచ్చినా వెంటనే తిరిగి రాలేకపోయాను, ఇక్కడ ఉద్యోగం ఊగిసలాడింది. తెలిసి పెట్టుకున్నది కాదు, కాన్షియస్ పొసెషన్ లేదు అని హైకోర్టులో వాదించి కేసు కొట్టేయించడానికి పదకొండు నెలలు పట్టింది. కొట్టేసినా వదల్లేదు. వీసా ఫామ్‌లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని అడుగుతాడు కదా, ప్రతిసారీ అవును అని పెట్టి ఆర్డర్ కాపీలు పట్టుకుని నిలబడాలి.

కాబట్టి రేంజ్‌కి ఒక సంచి పెట్టుకో, అది రేంజ్‌కే. ఆ రోజు వేసుకున్న జాకెట్ కూడా విమానం ఎక్కకూడదు. ఇండియా వెళ్లే సామాను కొత్త సూట్‌కేసుల్లోనే సర్దుకో.

జవాబు, టెక్సాస్ నుంచి

న్యూజెర్సీ అన్నా, చదువుతుంటే కడుపులో తిప్పింది. మీరు రాసినందుకు థ్యాంక్స్.

పెన్సిల్వేనియా ఆయనతో నాకు పేచీ ఉంది. మినహాయింపు లేదని నేను అనలేదు. ఆ లైసెన్స్ గడువు తీరిన మర్నాడు ఇంట్లో రైఫిల్, అరలో తూటాల డబ్బా ఉంటే ఏంటి పరిస్థితి? అన్నీ గుర్తుపెట్టుకుంటాం అనే అనుకుంటాం. ప్రాజెక్టు టెన్షన్‌లో కారు రిజిస్ట్రేషనే మర్చిపోతాం. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగితే ఏం పోయింది?

జవాబు, పెన్సిల్వేనియా నుంచి

మనవాళ్లకి గ్రీన్ కార్డు ఎన్నేళ్లకి వస్తుందో మీకు తెలియదా అన్నా? ఆగమంటే ముసలితనం దాకా ఆగమన్నట్టే. చట్టమే ఇచ్చిన దారిలో పోతే భయం దేనికి? మాకు హంటింగ్ లైసెన్స్ ప్రతి ఏడాదీ జూన్ 30తో అయిపోతుంది, నేను ఫోన్‌లో జూన్ 1కి, 15కి రెండు అలారాలు పెట్టుకునేవాణ్ణి. లైసెన్స్ కాపీ రైఫిల్ కేసులోనే ఉండేది.

జవాబు, మిషిగన్ నుంచి

ఇద్దరూ ఆగండి. తమ్ముడూ, నీకు కాగితం మీద గురే కావాలంటే ఎయిర్ రైఫిల్ ఉంది కదా! మందుగుండు ఉండదు కాబట్టి ఫెడరల్ చట్టం దాన్ని ఫైర్‌ఆర్మ్‌గా చూడదు. న్యూజెర్సీ లాంటి చోట్ల రాష్ట్రం మాత్రం తుపాకీగానే లెక్కేస్తుంది, అందుకని నువ్వున్న రాష్ట్రం రూలు, ఊరి రూలు, అపార్ట్‌మెంట్ లీజు మూడూ చూసుకో. .177 అంటే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ (చిన్న సీసపు గుండు), 10 మీటర్ల దూరం. అభినవ్ బింద్రాకి 2008లో స్వర్ణం, మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కి 2012లో కాంస్యం వచ్చింది ఈ ఆటలోనే. మేము బేస్‌మెంట్‌లో పెల్లెట్లని ఆపే ఇనుప ట్రాప్ పెట్టుకుని కాలుస్తాం. ఒక డబ్బా పెల్లెట్లు నెలంతా వస్తాయి. ఊపిరి, ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కడం, కాల్చాక కూడా గురి వదలకపోవడం, అన్నీ .22లో లాగే.

ఏది కాల్చినా సీసం సంగతి మర్చిపోవద్దు. రేంజ్ నుంచి వచ్చాక చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు కడుక్కో, ఆ బట్టలు విడిగా ఉతుకు, పిల్లల్ని ఎత్తుకునేది ఆ తర్వాతే. .22 శబ్దం చిన్నదే అని చెవులకి ఏమీ పెట్టుకోకుండా కాల్చొద్దు, కళ్లద్దాలు కూడా ఉండాలి. రిమ్‌ఫైర్‌లో, అంటే .22 లాంటి వాటిలో, అప్పుడప్పుడూ తూటా పేలదు. వెంటనే బోల్ట్ తెరవొద్దు, గొట్టం టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టి అప్పుడు తియ్యి. ఇంట్లో రైఫిల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో.

జవాబు, నార్త్ కరోలినా నుంచి

మిషిగన్ అక్క చెప్పింది మొదలుపెట్టడానికి బాగుంది. కాకపోతే 50 గజాల్లో గాలికి తూటా పక్కకి పోవడం, దాన్ని చూసి సర్దుకోవడం 10 మీటర్లలో రాదు.

ప్రశ్న అడిగిన ఒహాయో నుంచి

అన్నలకీ అక్కకీ థ్యాంక్స్. ఇంత ఉందని నాకు నిజంగా తెలియదు. ఈ శనివారం రానని ఆఫీసాయనకి చెప్పాను, ఎందుకో చెప్తే ఆయనే ఆశ్చర్యపోయాడు. ఎయిర్ రైఫిల్ కోసం లీజు కాగితాలు తీశాను, పద్నాలుగో పేజీలో ఆయుధాల క్లాజ్ ఉంది, అందులో ఎయిర్ గన్ అని కూడా రాశారు. అంటే ఇంట్లో కుదరదు. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకి పేరు ఇచ్చాను. ఆ లైసెన్స్ వచ్చినా లీజు ఉన్నంతకాలం రైఫిల్ ఎక్కడ పెట్టుకోవాలి?

జవాబు, పెన్సిల్వేనియా నుంచి

కొన్ని క్లబ్బుల్లో మెంబర్లకి లాకర్లు ఉంటాయి, ఫోన్ చేసి అడుగు. లేకపోతే లీజు అయ్యేదాకా కొనకు. లైసెన్స్ కాపీ జేబులో పెట్టుకుని రేంజ్‌లో అద్దె రైఫిల్‌తో కాల్చు, కొన్న తూటాలు అక్కడే అయిపోయేదాకా కాల్చి, జేబులు తడుముకుని ఇంటికి రా.