ఎడారి ఎండలో మామిడి ఆకుల అంచులు మాడిపోతున్నాయి, ఏం చేయాలి?

ఇసుకనేల:
మాది ఎడారి వాతావరణం. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుతుంది, వాన దాదాపు లేనట్టే. నిరుడు నాటిన అంటు మామిడి బతికే ఉంది గానీ ముదురు ఆకులు కొసల నుంచి అంచుల వెంబడి మాడుకుంటూ వస్తున్నాయి. రోజూ సాయంత్రం కాసిని బోరు నీళ్లు పోస్తున్నాం. ఇది ఎండదెబ్బేనా, నీళ్లు ఇంకా పెంచాలా? చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

పచ్చకొమ్మ:
నాకు ఎండ కంటే ఉప్పు మీదే అనుమానం అండీ. ఎండదెబ్బ అయితే ఎండ నేరుగా తగిలే ఆకుల మీద మచ్చలుగా మాడుతుంది. కొసల నుంచి, అదీ ముదురు ఆకుల్లో ముందు మొదలైందంటే సోడియం, క్లోరైడ్ పేరుకుంటున్నాయని ఎక్కువగా అనుకోవాలి, మామిడి ఉప్పును ఓర్చుకోలేదు. రోజూ కాసిని పోస్తే నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని ఉప్పు వేళ్ల దగ్గరే మిగిలిపోతుంది. పోసినప్పుడు రెండు మూడు అడుగుల లోతు దాకా దిగేలా, పాదు పెద్దది చేసి నిండుగా పోయండి, ఉప్పు వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది. ఇనుప చువ్వ గుచ్చితే తడిసినంత మేరా సులువుగా దిగుతుంది, దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. అడుగున గట్టి సున్నపు పొర ఉంటే మాత్రం ముందు దాన్ని పగలగొట్టాలి, లేకపోతే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయకండి, అది క్లోరైడే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి.

తోటనీడ:
లోతుగా పోయాలన్నది నిజమే. కానీ చిన్న మొక్క వేళ్లు ఇంకా పాకి ఉండవు, ఇసుక నేల, పైగా 45 డిగ్రీలు, కాబట్టి రెండు మూడు రోజులకోసారి అయినా పోయక తప్పదు. పాదులో ఎండుటాకులో గడ్డో నాలుగంగుళాల మందాన పరవండి, మొదలుకు మాత్రం ఆననివ్వొద్దు. అందరూ మర్చిపోయేది కాండం సంగతి: పడమటి ఎండకు బెరడు మాడి పగిలిందంటే చెట్టు కోలుకోవడం కష్టం. నీళ్లలో కలిసే రకం తెల్ల పెయింట్‌ను సగానికి సగం నీళ్లు కలిపి కాండానికి పూయండి, ఎండాకాలమంతా 30 నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టండి. మాడిన ఆకులు తుంచకండి, అవి కూడా కాండానికి నీడే. ఈ ఏడు పూత వస్తే తీసేయండి, చెట్టు ముందు నిలదొక్కుకోవాలి.

ఇసుకనేల:
చాలా థ్యాంక్సండీ. ఇంకొకటి, కొత్త ఆకులు పసుపుగా ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీళ్ల వల్లేనా?

పచ్చకొమ్మ:
అది ఐరన్ లోపం లక్షణం. సున్నపు నేలలో ఐరన్ ఉన్నా వేళ్లకు అందదు. ఈడీడీహెచ్‌ఏ రకం చిలేటెడ్ ఐరన్ (నేలలో బిగుసుకుపోకుండా వేళ్లకు అందేలా తయారుచేసిన ఐరన్) నీళ్లలో కలిపి పాదులో పోయండి, ఈడీటీఏ రకం ఇలాంటి నేలలో త్వరగా పనిచేయకుండా పోతుంది. లేత ఆకులు ఎర్రగా వాలిపోయి ఉంటే మాత్రం టెన్షన్ పడకండి, మామిడి చిగురు అలాగే వస్తుంది. ఇంకో మొక్క కొనేటప్పుడు అంటు దేని మీద కట్టారో అడగండి, ఇజ్రాయెల్‌లో ఉప్పునూ సున్నపు నేలనూ తట్టుకుంటుందని ఎంపిక చేసిన 13-1 అనే వేరుమూలం (అంటు కట్టే అడుగు మొక్క) మీద కట్టింది దొరికితే వదలొద్దు.