అప్‌డేట్: హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న నాయనను నడిపించవచ్చా అని అడిగాను కదా

నాయనకు హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిపడా పంప్ చేయలేకపోవడం), తొడలు సన్నబడుతున్నా బరువు తగ్గట్లేదు, నడిపించవచ్చా అని అడిగింది నేనే. మాది కావలి. నెల్లూరులో గుండె డాక్టరుకు చూపించాం.

ముందు బరువు సంగతి తేలింది. ఒంట్లో చేరిన నీరు కండ తగ్గడాన్ని కప్పేస్తుందట. ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మాత్రతో వాపు దిగాక పంచె ఎగ్గడితే మోకాలే తొడకంటే లావుగా కనబడింది. ఆయాసం మొత్తం గుండెదే అనుకున్నాం, అరిగిన కండలకూ అందులో వాటా ఉందన్నారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో వరండాలో కొలిచారు.

చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ 'కదలకుండా రెస్ట్ తీసుకో' అని చెప్పి పోతారు. కొంప ముంచేది అదే. పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లకు వ్యాయామం సురక్షితమేనని 2,331 మందితో చేసిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనం 2009లోనే చూపించింది. ఇప్పుడు ఎండ ముదరకముందే, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడక. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దీనికే బాగా విసుక్కుంటారు. గుడ్డు, పప్పు పెంచాం. చేపల పులుసు ఉంది గానీ ఉప్పు తగ్గించి. ఆవకాయ దగ్గర అమ్మకూ ఆయనకూ రోజూ యుద్ధమే.

పొద్దున్నే బరువు చూసి రాస్తున్నాం. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నడక ఆపి ఫోన్ చేయమన్నారు. నడక మెరుగైంది, మెట్లు ఇంకా కష్టమే.

ప్రోటీన్ పొడి గురించి అడిగిన తమ్ముడూ, కిడ్నీ రిపోర్టు చూశాకే చెప్తామన్నారు. ఇంకా కొనలేదు.