పాత డిస్కు ఊడదీసినా కంప్యూటరు దాని కోసమే చూస్తున్నది

బ్రాడీపేట డీటీపీ:
గుంటూరులోని మా డీటీపీ సెంటరులో ఉబుంటు కంప్యూటరుకున్న పాత హార్డ్‌డిస్కు పాడైతే గత నెల ఊడదీయించాము. సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలో ఉన్నందున పని ఆగలేదు గాని, అప్పటి నుండి ఆన్ చేసి ఎస్కేప్ నొక్కితే ఎర్రని నక్షత్రపు గుర్తులు అటూ ఇటూ కదులుతూ, 1 నిమిషం 30 సెకన్ల లెక్క పూర్తయిన తరువాతే లాగిన్ వస్తున్నది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లలు కౌంటరు దగ్గర ఆ అంకెలనే చూస్తూ నిలబడుతున్నారు. ఆన్ చేసినప్పుడు ఏ డిస్కు విభాగాలను జతచేయాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (fstab) ఫైలులోని పాత వరుసలన్నీ చెరిపేయవచ్చునా?

గవర్నర్‌పేట సర్వీసు, విజయవాడ:
అన్నీ చెరపకండి. మీది స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు భాగం) వరుస అయి ఉండాలి. ఎందుకంటే అది మామూలు డేటా విభాగమే అయితే, సిస్టమ్‌డి (ఆన్ కాగానే మిగతా పనులను మొదలుపెట్టే ప్రోగ్రాము) 90 సెకన్లు చూసి, మరమ్మతు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లో పడవేసేది, స్వాప్ దొరకనప్పుడు మాత్రం దానిని వదిలి ముందుకు సాగుతుంది. టెర్మినల్‌లో ఫ్రీ (free) అని కొడితే స్వాప్ దగ్గర సున్నాలు కనిపిస్తాయి. ముందు ఫైలుకు నకలు తీసి, బ్లాక్‌ఐడీ (blkid) ఆదేశం చూపే యూయూఐడీలతో (ఒక్కొక్క డిస్కు విభాగానికి ఉండే ప్రత్యేక గుర్తింపులతో) ఒక్కొక్క వరుసను సరిపోల్చి, జత లేనిదాని మొదట్లో హ్యాష్ గుర్తు (#) పెట్టండి, అప్పుడు సిస్టమ్ ఆ వరుసను పట్టించుకోదు. రీస్టార్టుకు ముందు ఫైండ్‌మౌంట్ (findmnt) ఆదేశాన్ని వెరిఫై (--verify) ఆప్షన్‌తో నడిపితే, తప్పులుంటే అక్కడే చెబుతుంది.

పట్టాభిపురం:
సరిపోల్చడం మాత్రం పూర్తిగా చేయండి. నేను చివరి నాలుగు అక్షరాలే చూసి, బాగున్న వరుసకు హ్యాష్ పెట్టాను. మరునాడు లెక్కల ఫోల్డరు ఖాళీగా కనిపించేసరికి గుండె జారిపోయింది. డిస్కు మౌంట్ కాలేదంతే (సిస్టమ్‌కు జత కాలేదంతే), ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి.

బ్రాడీపేట డీటీపీ:
మీరన్నట్లే స్వాప్ వరుసేనండి, ఆ లెక్క పోయింది. అయితే ఇంకా మొదట్లో, సస్పెండ్ రెజ్యూమ్ డివైస్ కోసం చూసి వదిలేసినట్లు ఒక సందేశం వచ్చి అరనిమిషం ఆగుతున్నది.

గవర్నర్‌పేట సర్వీసు, విజయవాడ:
అది మరో చోట మిగిలిన అదే స్వాప్ యూయూఐడీ. ఈటీసీలోని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ టూల్స్ ఫోల్డరులో, కాన్ఫ్ డాట్ డి కింద రెజ్యూమ్ అనే చిన్న ఫైలు (/etc/initramfs-tools/conf.d/resume) ఉంటుంది. హైబర్నేట్ (తెరిచి ఉన్న పనిని డిస్కులో దాచి కంప్యూటరు ఆపడం) వాడకపోతే అందులో విలువను నన్ (none) అని మార్చి, అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఆదేశాన్ని యూ (-u) ఆప్షన్‌తో తప్పక నడపండి. బూట్ సమయంలో చదివేది ముందే తయారై ఉన్న ప్రతిని (ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్) గనుక, ఫైలు ఒక్కటే మారిస్తే ఫలితం కనిపించదు. గ్రబ్ (ఉబుంటును బూట్ చేసే ప్రోగ్రాము) సెట్టింగులలోనూ రెజ్యూమ్ అనే మాట ఉంటే తీసివేసి, అప్‌డేట్ గ్రబ్ నడపండి.