19వ శతాబ్దపు కళాశాలల్లో ఆటలకు చోటుండేదా?

ప్రశ్న (విజయనగరం విద్యార్థి):
మా ఊరి మహారాజా కళాశాల 1857లో పాఠశాలగా మొదలై, 1879లో కళాశాలగా ఎదిగిందని చదివిన తరువాత ఒక సందేహం కలిగింది. కళాశాలల మధ్య ఆటల పోటీలు అసలు ఎక్కడ, ఎలా ప్రారంభమయ్యాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విద్యార్థులు 1827లో క్రికెట్‌లోనూ, 1829లో పడవ పందెంలోనూ తలపడ్డారు. అమెరికాలో 1852లో జరిగిన హార్వర్డ్, యేల్ పడవ పందెం ఖర్చును, ప్రయాణికులను ఆకర్షించవచ్చుననే ఆశతో, ఒక రైలు కంపెనీ భరించింది. వ్యాపార ప్రాయోజకత్వం ఈనాటిదేనని అనుకునేవారు ఇది గమనించాలి. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు జట్టుకు 25 మంది చొప్పున ఆడిన ఫుట్‌బాల్ పోటీలో రట్గర్స్ 6–4 తేడాతో గెలిచింది. బంతిని చేతబట్టుకుని పరుగెత్తడానికి వీలులేని ఆ ఆట నేటి అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఏమాత్రం పోలదు. శిక్షకులు లేరు, ఏర్పాట్లన్నీ విద్యార్థులే చూసుకున్నారు.

రెండవ జవాబు:
పై వివరాలు సరైనవే కాని, వాటిని మన ప్రాంతానికి యథాతథంగా అన్వయించకూడదు. ఇక్కడి విద్యార్థికి మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ. (నేటి ఇంటర్మీడియట్ వంటిది), బి.ఏ. పరీక్షలే ప్రధానం, గురజాడ అప్పారావుగారు 1886లో ఈ కళాశాల నుంచే బి.ఏ. పట్టా పొందారు. దేహదారుఢ్యానికి మాత్రం కళాశాలతో సంబంధం లేని తాలింఖానాలు (వ్యాయామశాలలు), సాముగరిడీలు (కర్రసాము వంటి దేశీయ విద్యలు) ఉండేవి. వీరఘట్టంలో పుట్టిన ప్రసిద్ధ మల్లయోధులు కోడి రామమూర్తి నాయుడుగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేయడంతో ఈ రెండు ధోరణులూ ఒకే వ్యక్తిలో కలిశాయని నా అభిప్రాయం.