మెట్ట పొలాల్లో నేల ఆరోగ్య పరిశోధన: చేరే ముందు రైతులు ఏమి అడగాలి?

ప్రశ్న అడిగినవారు: మెట్టసాగు

అందరికీ నమస్కారం. వాన మీదే ఆధారపడి సేద్యం చేసే నలభై కుటుంబాల బృందానికి లెక్కలూ రికార్డులూ చూసే బాధ్యత నాది. నేల ఆరోగ్యాన్ని పెంచి, తద్వారా పంట బెట్టను తట్టుకునేలా చేయడం తమ లక్ష్యమని చెబుతున్న ఒక పరిశోధన ప్రాజెక్టువారు మూడేళ్ల పాటు మా పొలాల్లో ప్రయోగాలు చేయడానికి అంగీకారం అడిగారు. నేలలో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకులు, వేళ్లు, పశువుల ఎరువు వంటివాటి నుంచి చేరే కర్బనం) పెరిగితే నీటిని పట్టి ఉంచే శక్తి పెరుగుతుందనీ, దానితో పంట బెట్ట నుంచి గట్టెక్కుతుందనీ వారి పత్రంలో ప్రధానంగా రాశారు.

ఇంతకుముందు ఒకసారి వేరే బృందం ఇలాగే వచ్చి, ప్రతి పొలంలోనూ మట్టి నమూనాలు తీసుకొని, రెండు పంటకాలాలు చూసి వెళ్లిపోయింది. ఆ మట్టిలో ఏమి తేలిందో ఈనాటికీ మాకు చెప్పలేదు. ప్రయోగానికి పొలంలో కొంత భాగం వదిలినవారికి దిగుబడి నష్టం మాత్రం మిగిలింది. ఆ చేదు మా సభ్యుల్లో ఇంకా పోలేదు కనుక ఈసారి తెలిసి అడుగు వేయాలనుకుంటున్నాను. కర్బనం గురించి వారు చెప్పే మాట ఎంతవరకు నిజం? మూడేళ్లలో తేలే విషయమేనా ఇది? మా వైపు నుంచి ఏ షరతులు పెట్టడం న్యాయం?

సమాధానం: నేలతడి

సేంద్రియ కర్బనం వల్ల నేలకు మేలు జరుగుతుందనడంలో వివాదం లేదు. ఆ మేలు ముఖ్యంగా నీటి నిల్వ రూపంలో వస్తుందని చెప్పినప్పుడే లెక్క తప్పుతుంది. బుడిమాన్ మినాస్నీ, అలెక్స్ మెక్‌బ్రాట్నీ అనే నేల శాస్త్రవేత్తలు అనేక అధ్యయనాల కొలతలను ఒకచోట చేర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, నేల బరువులో సేంద్రియ కర్బనం 1 శాతం పెరిగితే పంటకు అందే నీటి నిల్వ ప్రతి 100 మిల్లీమీటర్ల లోతుకు సగటున 1.16 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. పై 30 సెంటీమీటర్ల మట్టికి అది మూడున్నర మిల్లీమీటర్లు. ఎండ గట్టిగా కాసే రోజున నిండుగా ఎదిగిన పంట ఒక్క రోజులోనే ఐదారు మిల్లీమీటర్లు తాగేస్తుంది. ఇసుక నేలల్లో ఈ లాభం కాస్త ఎక్కువ, బంకమట్టి నేలల్లో తక్కువ. ఏ నేలలోనైనా రెండు మూడు వారాల బెట్టను దాటించేంత నిల్వ దీని నుంచి రాదు.

అసలు నష్టం చాలాసార్లు నీరు నేలలోకి దిగకముందే జరిగిపోతుంది. బోసి నేల మీద పెద్ద చినుకులు పడితే మట్టి గడ్డలు చిట్లుతాయి, నలిగిన రేణువులు రంధ్రాలను పూడుస్తాయి, ఎండగానే పైన అట్ట కడుతుంది. తరువాతి వాన ఆ అట్ట మీదుగా జారిపోతుంది. ఒక్క గట్టి వానలోనే 20 మిల్లీమీటర్ల నీరు ఇలా పొలం దాటిపోగలదు. పైన చెప్పిన మూడున్నర మిల్లీమీటర్లతో దీనిని పోల్చి చూడండి. అమెరికా మహా మైదానాల్లో గోధుమ తరువాత పొలాన్ని బీడుగా వదిలి తేమ కూడబెట్టే పద్ధతి మీద దశాబ్దాల పరిశోధన జరిగింది. 20వ శతాబ్దపు తొలి రోజుల్లో, పదే పదే దున్నిన బీడులో కురిసిన వానలో సుమారు ఐదో వంతే నేలలో మిగిలేది. దున్నడం మాని, మోళ్లను అలాగే నిలిపి ఉంచడం మొదలయ్యాక ఆ వాటా దాదాపు 40 శాతానికి చేరింది.

అందువల్ల వారు కర్బనాన్ని మాత్రమే కొలుస్తామంటే సరిపోదని చెప్పండి. నీరు ఇంకే వేగాన్నీ, విత్తే రోజునా కోసే రోజునా కనీసం ఒక మీటరు లోతు వరకు ఉన్న తేమనూ కొలవాలి. లోతు తేమ విలువ కంటికి కనిపించేదానికంటే ఎక్కువ. ఆస్ట్రేలియాలో గోధుమపై జరిపి 2007లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, పూత తరువాత వేళ్లకు లోతు నుంచి అదనంగా అందిన ప్రతి మిల్లీమీటరు నీరు హెక్టారుకు 59 కిలోల గింజను ఇచ్చింది.

సమాధానం: దీర్ఘదృష్టి

నేలతడి గారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే దీనిని చదివి కర్బనం అక్కరలేదని ఎవరైనా అనుకుంటే నష్టపోతాము. మట్టి రేణువులను గడ్డలుగా అంటించి ఉంచే జిగురును తయారు చేసేది సూక్ష్మజీవులూ శిలీంధ్రాలూ. వాటి తిండి సేంద్రియ పదార్థం. ఆ గడ్డలు వాన దెబ్బకు చెదరకుండా నిలిచినప్పుడే మీరు చెప్పిన ఇంకుదల సాధ్యమవుతుంది. నిల్వ శక్తిని పెంచడంలో కర్బనం పాత్ర చిన్నదే కావచ్చు, తలుపు తెరిచి ఉంచడంలో మాత్రం పెద్దది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట ప్రాంత పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) క్షేత్రంలో 1976లో నల్లరేగడి భూమి మీద మొదలైన దీర్ఘకాల ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒకవైపు వానకాలమంతా బీడుగా ఉంచి తరువాత ఒక్క పంట వేసే పాత పద్ధతి, మరోవైపు వెడల్పాటి మడులూ కాలువలూ, పప్పుజాతి పంటలు, తగిన పోషకాలు కలిపిన మెరుగైన పద్ధతి నడిచాయి. దశాబ్దాల సగటున మొదటిదానిలో హెక్టారుకు ఏటా 1.1 టన్నుల గింజ వస్తే, రెండవదానిలో 5.1 టన్నులు వచ్చింది. మెరుగైన పద్ధతిలో నేల కర్బనం కూడా ఏటా హెక్టారుకు సుమారు 335 కిలోల చొప్పున అదనంగా చేరింది.

మూడేళ్ల గడువు గురించి నాకు దిగులుగానే ఉంది. దున్నకుండా సాగు చేసే పద్ధతిపై 2015లో వెలువడిన ప్రపంచవ్యాప్త విశ్లేషణ 63 దేశాల్లోని 610 అధ్యయనాలను పరిశీలించింది. దుక్కి మానడం ఒక్కటే చేసినచోట సగటు దిగుబడి తగ్గింది. పంట వ్యర్థాలను నేల మీద ఉంచి, పంటమార్పిడినీ జత చేసినప్పుడు, పొడి వాతావరణంలోని వర్షాధార పొలాల్లో 7.3 శాతం పెరిగింది. తొలి ఏళ్లలో వచ్చే తరుగును చూసి ప్రయోగాన్ని మధ్యలో వదిలేస్తే, ఆ పెరుగుదలను చూసే అవకాశమే మీకు ఉండదు.

సమాధానం: నేలతడి

దీర్ఘదృష్టి గారు చెప్పిన ఇక్రిశాట్ ప్రయోగం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ 1.1కూ 5.1కూ మధ్య తేడా అంతా నేల ఆరోగ్యం వల్లే వచ్చిందని చదవకూడదు. వానకాలంలో ఖాళీగా ఉన్న నేలలో అదనంగా ఒక పంట చేరింది, ఎరువు చేరింది, మురుగు పోయే దారి చేరింది. మొత్తం పద్ధతి గెలిచిందని ఆ ప్రయోగం చూపుతుంది. అందులో ఏ భాగం ఎంత గెలిపించిందో విడదీసి చెప్పదు. మీ ప్రాజెక్టువారు కూడా ఐదారు మార్పులను ఒకేసారి తెస్తే, డబ్బు చాలని రైతు వాటిలో ఏది ముందు చేయాలో మూడేళ్ల తరువాత కూడా చెప్పలేరు. ఈ సంగతి ముందే అడగండి.

కర్బనం వేగం గురించి కూడా ఒక మాట. పై 30 సెంటీమీటర్ల మట్టి హెక్టారుకు సుమారు 3,900 టన్నులు తూగుతుంది. అందులో 1 శాతం అంటే 39 టన్నుల కర్బనం. ఏటా చేరే 335 కిలోలూ ఆ పొరలోనే చేరాయనుకున్నా, 1 శాతం పెరగడానికి వందేళ్లు దాటుతుంది. అంతమంచి నిర్వహణలోనే ఇంత కాలం పడుతుంటే, మూడేళ్లలో కర్బనంలో స్పష్టమైన తేడా చూపిస్తామనే వాగ్దానాన్ని నమ్మవద్దు. ఇంకుదలలో, నేల తేమలో తేడా మాత్రం ఒకటి రెండు పంటకాలాల్లోనే కనిపించగలదు.

సమాధానం: పొలంగట్టు

నేను పద్నాలుగేళ్లుగా రైతుల పొలాల్లోనే ప్రయోగాలు నడిపిస్తున్నాను. పైన ఇద్దరూ నీటి గురించి చెప్పారు. ఆకలి గురించి ఎవరూ చెప్పలేదు. వర్షాధార పొలాల్లో చాలాచోట్ల నేలలో తేమ ఉండగానే పంట నిలిచిపోతుంది, ఎందుకంటే ఆ తేమను గింజగా మార్చే పోషకం లేదు. కర్ణాటకలో 2009లో మొదలైన భూచేతన కార్యక్రమం మట్టి పరీక్షల ఆధారంగా గంధకం, జింకు, బోరాన్ లోపాలను సరిదిద్దే పని పెద్ద ఎత్తున చేపట్టింది. సహారా దక్షిణపు అంచున ఉన్న నైజర్‌లో పొలమంతా ఎరువు చల్లే స్తోమత లేని రైతుల కోసం, సీసామూతతో కొలిచి ఒక్కో విత్తన గుంటలో చిటికెడు ఎరువు వేసే పద్ధతిని పరిశోధకులు అభివృద్ధి చేశారు. బుర్కినా ఫాసోలో యాకుబా సవడోగో అనే రైతు, జాయి అనే పాతకాలపు విత్తన గుంటలను ఎండాకాలంలోనే పెద్దవిగా తవ్వి, అందులో పశువుల ఎరువు వేశారు. ఆ ఎరువు కోసం వచ్చిన చెదపురుగులు గట్టిపడ్డ నేలలో సొరంగాలు చేయగా, తొలి వాన ఆ దారులగుండా లోపలికి దిగింది. నీరూ పోషకమూ ఒకే గుంటలో మొక్కకు అందాయి. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. అయితే గుంటలు తవ్వడానికి హెక్టారుకు వందల గంటల శ్రమ కావాలి. ఏ ప్రాజెక్టు నివేదికలోనైనా నేను మొదట వెతికేది ఆ శ్రమ లెక్కనే.

మోళ్లూ చొప్పా నేల మీద ఉంచమని చెప్పడం సులువు. పశువులున్న ఇంట్లో ఆ చొప్పే మేత. దానికి బదులు మేత ఎక్కడి నుంచి వస్తుందో ప్రాజెక్టు పత్రంలో లేకపోతే, రెండవ ఏటికే పొలం మళ్లీ బోసిపోతుంది.

ఇక షరతులు. నలభై పొలాలు ఉండటం మీ బలం. ప్రతి పొలంలోనూ పక్కపక్కనే రెండు పొడవాటి పట్టీలు పెట్టించండి, ఒకదానిలో మీ మామూలు సాగు, రెండవదానిలో ఒకే ఒక్క మార్పు. ఏ పట్టీ ఎటు ఉండాలో చీటీ వేసి తేల్చాలి, లేకపోతే మంచి మట్టి ఉన్న వైపుకే కొత్త పద్ధతి వెళుతుంది. దగ్గరి పొలాలకు కలిపి ఒక వర్షమాపకం తప్పనిసరి. ప్రయోగపు పట్టీలో దిగుబడి తగ్గితే ఆ తరుగును ఎవరు భరిస్తారో సంతకంతో ఉండాలి. మట్టి ఫలితాలు తరువాతి విత్తుకు ముందే రైతు చేతికి, అతనికి అర్థమయ్యే భాషలో రావాలి. మీకు గతంలో జరిగినది నిజంగా అన్యాయం. మట్టి మీది, దాని కబురు మొదట వినవలసినదీ మీరే.

మూడేళ్లలో అసలు బెట్టే రాకపోవచ్చనే సంగతి కూడా గుర్తుంచుకోండి. అప్పుడు ఆ ప్రయోగం బెట్ట గురించి ఏమీ చెప్పలేదు. పొలంలో కొలిచిన తేమ, దిగుబడులతో ఏప్సిమ్ వంటి పంట నమూనాను (వాన, నేల వివరాలతో పంట ఎదుగుదలను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామును) సరిచూసి, పాత వర్షపాత రికార్డుల మీద నడిపించి కరువు ఏళ్లలో ఏమయ్యేదో అంచనా వేస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకు వారు చెప్పే జవాబును బట్టే వారి పని లోతు మీకు తెలిసిపోతుంది.

సమాధానం: మెట్టసాగు

అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి సమావేశంలో ఈ సమాధానాలన్నీ చదివి వినిపించాను. చొప్ప గురించి పొలంగట్టు గారు రాసిన దగ్గర చాలాసేపు చర్చ జరిగింది. పశువులు ఎక్కువగా ఉన్న పదకొండు కుటుంబాలు మోళ్ల ప్రయోగంలో చేరలేమని చెప్పాయి. వారి పొలాల్లో సూక్ష్మపోషకాల పట్టీలు పెట్టమని అడుగుతాము. మిగతా ఇరవై తొమ్మిది పొలాల్లో మోళ్లు నిలిపి ఉంచే ఒక్క మార్పునే పరీక్షించమని, కర్బనంతో పాటు ఇంకుదలనూ మీటరు లోతు తేమనూ కొలవమని లేఖ రాశాము. నష్టపరిహారం, ఫలితాల గడువు అనే రెండు షరతులకు రాతపూర్వకంగా ఒప్పుకునేవరకు ఎవరూ సంతకం పెట్టకూడదని తీర్మానించాము. వారి జవాబు రాగానే ఇక్కడే తెలియజేస్తాను.